గుర్రు ఆగిన చోట

వేసవిలో మేమంతా డాబా మీద పడుకునేవాళ్లం. సాయంత్రం నీళ్లు చల్లి చల్లబరిచిన గచ్చు మీద చాపలు, బొంతలు, ఆ చివర నాన్న మడతమంచం. నాన్న నడుం వాల్చిన పది నిమిషాలకు గుర్రు మొదలయ్యేది. పక్కింటి డాబా మీదవాళ్లకు కూడా వినపడేది. పిల్లలం ఆ చప్పుడుకు అలవాటు పడిపోయి నిద్రపోయేవాళ్లం. అమ్మ కూడా ఆ చప్పుడుకు ఏనాడూ లేవలేదు. అది ఆగితే లేచేది.

గుర్రు పెరిగి పెరిగి ఒక్కసారిగా తెగిపోయేది. అమ్మ లేచి కూర్చుని నాన్న గుండెల వంక చూసేది. లోపల ఏదో పెనుగులాడుతున్నట్టు పొట్ట ఎగసిపడేది గానీ ఊపిరి చప్పుడు ఉండేది కాదు. కాసేపటికి, నీళ్లలో మునిగి పైకి తేలిన మనిషిలా, పెద్ద చప్పుడుతో గాలి లాక్కునేవాడు. అమ్మ భుజం తట్టి "ఏమండీ, పక్కకి తిరగండి" అనేది. తిరిగేవాడు. పొద్దున అడిగితే ఒక్కటీ గుర్తుండేది కాదు. "ఒళ్లు తెలియకుండా పడుకున్నా" అనేవాడు.

నిద్ర గురించి ఆ తర్వాత చాలా చదివాను. చదివేకొద్దీ అమ్మ ఎంత సరైన పని చేసిందో అర్థమవుతూ వచ్చింది. గుర్రును అందరం వింటాం, నవ్వుకుంటాం, కుంభకర్ణుడితో పోలుస్తాం. ఆమె గుర్రు ఆగిన చోటును విన్నది. ఆ ఆగడం ఎందుకు భయపడవలసిన సంగతో తెలియాలంటే ముందు చప్పుడు ఎక్కడ పుడుతుందో చూడాలి.

ఎముక లేని దారి

అద్దం ముందు నిలబడి నోరు బార్లా తెరవండి. పైన గట్టిగా ఉన్న అంగిలి, వెనక్కి పోయేకొద్దీ మెత్తబడుతుంది. ఆ మెత్తటి అంగిలి చివర వేలాడేది కొండనాలుక. దానికి అటూ ఇటూ టాన్సిల్స్, కింద నాలుక మొదలు, వెనక గొంతు గోడ. ముక్కుతో పీల్చిన గాలి ఊపిరితిత్తులకు చేరాలంటే ఈ సందులోంచే పోవాలి.

ముక్కుకు ఎముక ఆసరా ఉంది. కింద శ్వాసనాళానికి వరసగా మృదులాస్థి కట్లు ఉన్నాయి. వాటి నడుమ సుమారు 12 సెంటీమీటర్ల మేర ఉన్న గొంతుకు మాత్రం గట్టి చట్రం లేదు. కండరాల బిగువే దాన్ని తెరిచి ఉంచుతుంది. ఇందులో లోపం ఏమీ లేదు. ముద్ద మింగాలంటే ఆ గొట్టం నొక్కుకుపోవాలి, మాట్లాడాలంటే క్షణానికో ఆకారంలోకి మారాలి. గట్టి గొట్టం ఆ పనులు చేయలేదు. నాలుక మొదట్లో గుర్రపు నాడా ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంది. దానికి ఒంట్లోని మరే ఎముకతోనూ కీలు లేదు, కండరాలనూ స్నాయువులనూ పట్టుకుని వేలాడుతుంది. మన గొంతు అంతా అలాంటి వేలాడే ఏర్పాటే.

చంటిబిడ్డలో స్వరపేటిక బాగా పైన, మెత్తటి అంగిలికి దాదాపు తగులుతూ ఉంటుంది. బిడ్డ ఎదిగేకొద్దీ కిందికి దిగుతుంది. అలా దిగినందువల్ల నాలుక వెనక ఖాళీ ఏర్పడి, అచ్చులను ఒకదాన్నుంచి ఒకటి స్పష్టంగా వేరుచేసి పలకగలుగుతున్నాం. నిద్రలో మూసుకుపోయేదీ ఆ ఖాళీయే. మాట నేర్చినందుకు మనిషి చెల్లిస్తున్న వెల ఇదని 2003లో టెరెన్స్ డేవిడ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు ప్రతిపాదించాడు. రుజువైన సిద్ధాంతం కాదుగానీ నాకు నచ్చిన ఊహ. జంతువుల్లో ఇలా నిద్రలో గొంతు మూసుకుపోయే జబ్బుకు పేరుపడింది బుల్‌డాగ్. దాని మూతిని తరతరాలుగా పొట్టిగా చేసుకుంటూ వచ్చింది కూడా మనుషులే.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడు ఈ కండరాలను బిగించి ఉంచుతుంది. నిద్రపట్టగానే ఒళ్లంతా సడలినట్టే అవీ సడలుతాయి. దారి ఇరుకవుతుంది. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది, తగ్గిన ఒత్తిడి మెత్తటి గోడలను లోపలికి లాగుతుంది. లాగినప్పుడల్లా అవి మళ్లీ వెనక్కి వస్తాయి. లారీ సరుకు మీద కట్టిన టార్పాలిన్ తాడు వదులైతే గాలికి పటపటా కొట్టుకున్నట్టు, మెత్తటి అంగిలీ కొండనాలుకా కొట్టుకుంటాయి. అదే గుర్రు.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. గొట్టంలో గాలి నెమ్మదిగా, వరసగా పోతున్నప్పుడు, వ్యాసార్థం సగానికి తగ్గితే ప్రతిఘటన రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. గొంతు అచ్చమైన గొట్టం కాకపోయినా ఈ లెక్క మనకు ఒక సంగతి చెబుతుంది. గొంతులో ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలా పెద్ద తేడా. కాస్త జలుబు చేసినా, కాస్త కొవ్వు చేరినా, ఒక గ్లాసు మందు తాగినా నిన్నటిదాకా లేని గుర్రు ఇవాళ మొదలవడానికి కారణం ఇదే.

వెల్లకిలా పడుకుంటే నాలుక తన బరువుతో వెనక్కి జారుతుంది. బరువు పాత్ర ఎంతో తేల్చాలంటే, బరువు లేని చోట మనిషిని పడుకోబెట్టి చూడాలి. 1998లో అంతరిక్ష నౌకల్లో ప్రయాణించిన ఐదుగురు వ్యోమగాముల నిద్రను భూమి మీదా, అక్కడా కొలిచారు. భూమి మీద వాళ్లు తమ నిద్రాసమయంలో 16 శాతానికి పైగా గుర్రు పెట్టారు. అక్కడ అది 1 శాతం లోపుకు పడిపోయింది. ఐదుగురి లెక్కే అయినా, నేను చదివిన నిద్ర ప్రయోగాలన్నిటిలో ఇంత సూటిగా జవాబిచ్చింది మరొకటి లేదు. "పక్కకి తిరగండి" అన్న అమ్మ మాటకు అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది!

ఎవరికి, ఎందుకు

బొద్దుగా ఉన్నవాళ్లే గుర్రు పెడతారన్నది సగం నిజం. పొట్ట మీద, తొడల మీద చేరినట్టే కొవ్వు గొంతు గోడల్లోనూ, చివరికి నాలుకలోనూ చేరుతుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ అప్నియా, ఉన్నవాళ్ల నాలుకల్లో కొవ్వు ఎక్కువని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్కానింగులతో చూశారు. బరువు తగ్గినవాళ్ల నాలుకలోనూ కొవ్వు తగ్గిందని, ఊపిరి మెరుగవడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటని అక్కడే 2020లో తేల్చారు. అందుకే డాక్టర్లు నడుంతో పాటు మెడ కూడా కొలుస్తారు. మగవాళ్లకు చొక్కా కాలరు 17 అంగుళాలు, ఆడవాళ్లకు మెడ కొలత 16 అంగుళాలు దాటితే అనుమానించాలని పాశ్చాత్య దేశాల లెక్క. మనవాళ్లు అంత దాకా ఆగకూడదు. షుగరులాగే ఇది కూడా మనకు తక్కువ బరువుకే వస్తుంది.

మిగతా సగం నిజం దవడ ఎముకలో ఉంది. గడ్డం వెనక్కి ఉన్నవాళ్లకు, దవడ చిన్నగా ఉన్నవాళ్లకు నాలుక పట్టేంత చోటు నోట్లో ఉండదు. సన్నగా రివటలా ఉండి కూడా గోడలు అదిరేలా గుర్రు పెట్టేవాళ్లు మీ చుట్టాల్లో ఉంటే వాళ్లను పక్కనుంచి చూడండి. చాలాసార్లు కారణం కనిపిస్తుంది. ఇది తరాలుగా దిగివస్తుంది. "మా వంశంలోనే ఉంది" అని నవ్వేస్తారు గానీ వంశంలో దిగేది గుర్రు కాదు, దవడ.

ముక్కు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గుర్రు పుట్టేది ముక్కులో అని చాలామంది అనుకుంటారు. కొబ్బరిబొండంలో వేసే కాగితం స్ట్రా నాని మెత్తబడ్డాక గట్టిగా పీల్చి చూడండి, మధ్యలో నొక్కుకుపోతుంది. ముక్కు దిబ్బడ పడితే ఊపిరి కోసం మనం మరింత గట్టిగా పీల్చాలి. ఆ పీల్పుకు కిందనున్న మెత్తటి గొంతు నొక్కుకుపోతుంది. దానికి తోడు నోరు తెరుచుకుంటుంది. నోరు తెరుచుకుంటే కింది దవడతో పాటు నాలుక వెనక్కి జారుతుంది. దుమ్ముతో, పుప్పొడితో, పాత దూది పరుపుల్లో చేరే కంటికి కనపడని పురుగులతో వచ్చే ఎలర్జీ, ముక్కు మధ్య గోడ వంకర, ముక్కులో పెరిగే కండ, అన్నిటి దారీ ఇదే.

మద్యం గొంతు కండరాలను నిద్ర కంటే ఎక్కువగా సడలిస్తుంది. అంతేకాదు, ఊపిరి ఆగినప్పుడు మెదడు మేలుకోవడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. నిద్రమాత్రల్లో కొన్ని చేసేదీ ఇదే పని. రాత్రి నిద్ర చాలడం లేదని గుర్రు పెట్టే మనిషి తనంతట తాను మాత్ర వేసుకోవడం నన్ను నిజంగా భయపెట్టే సంగతి. ఆ మనిషిని రాత్రంతా కాపాడుతున్నది ఆ కలత నిద్రే కావచ్చు. పొగ తాగితే గొంతు లోపలి పొరలు వాస్తాయి. థైరాయిడ్ మందగిస్తే నాలుకా గొంతూ ఉబ్బుతాయి, ఈ కారణం ఒక రక్తపరీక్షతో తేలుతుంది కాబట్టి మరిచిపోకూడదు. ఇక వయసు పైబడేకొద్దీ కండరాల బిగువు సడలుతుంది.

రోజంతా కూర్చుని, నిలబడి పనిచేసేవాళ్లకు మరో కారణం. బట్టల కొట్లో కౌంటరు దగ్గర నిలబడేవాళ్లు, డ్రైవర్లు, టికెట్ కౌంటర్లలో కూర్చునేవాళ్ల కాళ్లలో సాయంత్రానికి నీరు దిగుతుంది. పడుకున్నాక ఆ నీరు కొంత మెడ దాకా పాకి గొంతు చుట్టూ ఉన్న కండను ఉబ్బిస్తుంది. ఇది టొరంటోలో కొలిచి చూసిన సంగతి. భోంచేశాక వీధి చివరి దాకా నడిచి రమ్మని పెద్దలు చెప్పింది అరుగుదల కోసమే కావచ్చు. పిక్కలు ఆడితే కాళ్లలో నీరు పైకి పోయి మూత్రంగా దిగిపోతుంది, గొంతుకూ మంచిదే.

ఆడవాళ్ల విషయం వేరుగా చెప్పాలి. ముట్లు ఆగాక వాళ్లలో ఈ సమస్య బాగా పెరుగుతుంది. కానీ ఆడమనిషి గుర్రు పెడుతుందని ఇంట్లో వాళ్లు పైకి చెప్పరు, ఆమె కూడా ఒప్పుకోదు, సిగ్గు. డాక్టరు దగ్గర ఆమె చెప్పేది నీరసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. రక్తహీనత అనో దిగులు అనో మందులు రాసిస్తారు. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా గుర్రు మొదలైతే, ముఖ్యంగా బిపి కూడా పెరుగుతుంటే, ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అది సిగ్గుపడే సంగతి కాదు, బిడ్డకూ సంబంధించిన సంగతి.

నిశ్శబ్దంలో ఏం జరుగుతుంది

దారి ఇరుకైతే గుర్రు. పూర్తిగా మూసుకుపోతే చప్పుడు ఉండదు, ఎందుకంటే గాలే కదలదు. ఇలా పది సెకన్లు, అంతకు మించి ఆగితే దాన్ని అప్నియా అంటారు. ఛాతీ, పొట్ట గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటాయి. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మెదడుకు ప్రమాదం తెలిసి ఒక్క క్షణం మేలుకుంటుంది, కండరాలు బిగుస్తాయి, పెద్ద చప్పుడుతో దారి తెరుచుకుంటుంది. ఆ క్షణంలో గుండె వేగం, రక్తపోటు ఎగదన్నుతాయి. మెలకువ మరీ చిన్నది కావడంతో మనిషికి గుర్తుండదు. మళ్లీ నిద్ర, మళ్లీ సడలడం, మళ్లీ మూసుకోవడం.

గంటకు ఇలాంటి ఆటంకాలు 5 నుంచి 15 దాకా ఉంటే తేలికపాటిది, 15 నుంచి 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రం. తీవ్రమైనవాళ్లలో రెండు నిమిషాలకోసారి ఊపిరి తెగుతుందన్నమాట. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా వాళ్లకు దక్కేది తునకలు తునకలుగా తెగిన నిద్ర. అందుకే లేవగానే తలనొప్పి, నోరెండిపోవడం, మధ్యాహ్నం కునికిపాట్లు, ఊరికే చిరాకు. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం కూడా ఇందులో భాగమే. మూసుకుపోయిన గొంతులోంచి గాలి కోసం లాగేటప్పుడు ఛాతీలో ఏర్పడే ఒత్తిడికి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రం ఎక్కువగా పోయించే హార్మోను వదులుతుంది. ప్రోస్టేట్ అనో, షుగరు అనో సంవత్సరాల తరబడి అనుకున్న పెద్దాయనకు అసలు కారణం గొంతులో ఉండవచ్చు.

ఈ జబ్బును నిద్రలో ఊపిరి ఆగడంగా గుర్తించి ఆధునిక వైద్యానికి అందించింది 1965లో. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో యుంగ్, కూలో బృందం, ఫ్రాన్సులోని మార్సెయ్‌లో ఆంరి గాస్తో బృందం ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా అదే ఏడాది కొలిచి చూపించారు. అప్పటిదాకా పగలు కునికే స్థూలకాయులను వైద్యులు డికెన్స్ నవలలో నిలబడే నిద్రపోయే జో అనే కుర్రాడితో పోల్చి ఆ నవల పేరే జబ్బుకు పెట్టుకున్నారు. లావు వల్ల మత్తు అనుకున్నారే గానీ, రాత్రంతా వాళ్ల పక్కన కూర్చుని విన్నవాళ్లు లేరు.

1993లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉద్యోగాలు చేసుకునే 30 నుంచి 60 ఏళ్లవాళ్లను పరీక్షిస్తే మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం మందికి గంటకు 5 కన్నా తక్కువ కాకుండా ఆటంకాలు కనిపించాయి. మన దేశంలో పనిచేసే వయసువాళ్లలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉండవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో అంచనా వేశారు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువాళ్లను ఊపేసిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో కన్నుమూసినప్పుడు, వైద్యులు చెప్పిన కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. ఆయనకు వేరే అనారోగ్యాలూ ఉన్నాయి. అయినా ఆ వారమే చాలా తెలుగు ఇళ్లలో ఈ జబ్బు పేరు మొదటిసారి వినిపించింది.

గుర్రు పెట్టే ప్రతివాళ్లకూ అప్నియా ఉండదు. ఎక్కువమందికి ఉండదు. అయితే అప్నియా ఉన్నవాళ్లలో గుర్రు లేనివాళ్లు అరుదు. తేడా చెప్పేవి నాలుగైదు గుర్తులు: మధ్యలో ఆగి ఉక్కిరిబిక్కిరై మొదలయ్యే గుర్రు, పగటి మత్తు, మందులకు లొంగని బిపి, లావు మెడ, 50 దాటిన వయసు. స్టీరింగ్ ముందు కునుకు పట్టే మనిషికి ఆ ఒక్క గుర్తే చాలు, ఆ రోజే పరీక్షకు పోవాలి. తెల్లవారుజామున జాతీయ రహదారి మీద లారీ నడిపే డ్రైవరుకు ఇది సొంత ఆరోగ్యానికే పరిమితమయ్యే సంగతి కాదు. అలాగే ఏ ఆపరేషనుకు వెళ్లినా గుర్రు సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

తగ్గించుకునే దారులు

ముందు ఖర్చు లేనివి. పక్కకు తిరిగి పడుకోవడం అన్నిటికన్నా తేలిక. నిద్రలో మళ్లీ వెల్లకిలా దొర్లేవాళ్లు బనియను వెనక, వీపు నడిమిన జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకోవచ్చు. వెల్లకిలా తిరగ్గానే గుచ్చుకుంటుంది, తెలియకుండానే పక్కకు తిరుగుతారు. కొన్ని వారాల్లో కొందరికి బంతి లేకుండానే అలవాటవుతుంది. తల ఎత్తు పెంచడం కూడా మంచిదే, కానీ తలగడ మీద తలగడ పెడితే గడ్డం గుండెలకు ఆని గొంతు ఇంకా మడతపడుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెడితే మంచమంతా తలవైపుకు ఒకే వాలుగా లేస్తుంది. నడుమ గుంటపడ్డ నులకమంచం గుర్రుకు శత్రువు కాదు, స్నేహితుడు. బిగించి అల్లించుకోవాలి, లేదా వదిలేయాలి.

మందు మానలేనివాళ్లు కనీసం పడుకోవడానికి మూడు నాలుగు గంటల ముందు ఆపాలి. ముక్కు దిబ్బడకు ఉప్పునీటితో కడుక్కోవడం, ఎలర్జీ ఉంటే డాక్టరు రాసిచ్చే స్ప్రే క్రమంగా వాడటం పనిచేస్తాయి. కడుక్కునే నీళ్లు కాచి చల్లార్చినవి కావాలి, కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. క్షణాల్లో ముక్కు తెరిచే చుక్కల మందు మాత్రం కొద్ది రోజులకు మించి వాడితే దిబ్బడ తిరగబడి మొండికేస్తుంది. మందుల షాపులో అడిగి నెలల తరబడి ఆ చుక్కలతో బతికేవాళ్లను నేను చూశాను.

బరువు విషయంలో ఆశ కలిగించే లెక్క ఒకటుంది. అదే విస్కాన్సిన్ జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2000లో ప్రకటించిన ఫలితం: బరువు 10 శాతం తగ్గితే ఊపిరి ఆటంకాలు సగటున 26 శాతం తగ్గాయి, 10 శాతం పెరిగితే 32 శాతం పెరిగాయి. 80 కిలోల మనిషి 72కు దిగితే చాలు, గొంతుకు తేడా తెలుస్తుంది. సినిమా నటుడిలా అవనక్కర్లేదు. బరువు తగ్గించే టిర్జెపటైడ్ అనే సూదిమందును స్థూలకాయంతో పాటు మధ్యరకం, తీవ్రమైన అప్నియా ఉన్నవాళ్లకు అమెరికా ప్రభుత్వ సంస్థ 2024 డిసెంబరులో అనుమతించింది. గొంతు మూసుకుపోయే ఈ జబ్బుకు వచ్చిన మొదటి మందు అది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకూడనిది కూడా.

గొంతు కండరాలే కదా సడలుతున్నవి, వాటికి కసరత్తు చేయిస్తే? ఈ ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకున్నది బ్రెజిల్ పరిశోధకులు. నాలుకను అంగిలికి అదిమి వెనక్కి జరపడం, నాలుక మొత్తాన్ని పైకి పీల్చి అంటించడం, అచ్చులు సాగదీసి పలకడం లాంటివి రోజూ చేయించారు. 2015లో అక్కడే 39 మంది మీద జరిగిన పరీక్షలో మూడు నెలల తర్వాత గుర్రు 36 శాతం, దాని మొత్తం తీవ్రత 59 శాతం తగ్గాయి. అంతకు ముందు 2006లో స్విట్జర్లాండ్‌లో 25 మందిని తీసుకుని, సగం మందికి ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి బూర డిడ్జెరిడూ ఊదడం నేర్పారు. నాలుగు నెలల్లో వాళ్ల పగటి మత్తు, ఊపిరి ఆటంకాలు తగ్గాయి. 2025లో జైపూరు వైద్యులు ఇదే పని మన శంఖంతో చేసి చూశారు. 30 మందిలో కొందరికి శంఖం, మిగతావాళ్లకు దీర్ఘశ్వాస నేర్పారు. ఆరు నెలలు శంఖం ఊదినవాళ్లలో పగటి మత్తు 34 శాతం తగ్గింది. మూడూ చిన్న పరీక్షలే. అయినా రోజూ చేసేవాళ్లకు ఫలితం ఉంటుందని నమ్మడానికి కారణం ఉంది, నష్టం లేదు. తీవ్రమైన అప్నియాకు మాత్రం శంఖమే మందని కూర్చోకూడదు. నోటికి ప్లాస్టరు అంటించుకుని పడుకునే కొత్త వేలంవెర్రి అసలే వద్దు. ముక్కు దిబ్బడ ఉన్న మనిషికి అది ఉన్న ఒక్క దారినీ మూసేయడం.

పరీక్ష అంటే ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించుకుని పడుకోవడం. మెదడు తరంగాలు, ఊపిరి, ఛాతీ కదలిక, ఆక్సిజన్, గుండె అన్నీ నమోదవుతాయి. ఇప్పుడు ఇంట్లోనే పెట్టుకునే చిన్న పరికరాలూ వచ్చాయి. నాన్నను అలా తీసుకెళ్లినప్పుడు డాక్టరు ఆయన్ని "నిద్ర ఎలా పడుతుందండీ?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా" అన్నాడు నాన్న. డాక్టరు అమ్మ వైపు తిరిగి "అమ్మా, మీరు చెప్పండి" అన్నాడు. అమ్మ ఊపిరి ఆగినప్పుడల్లా మనసులో అంకెలు లెక్కపెట్టేదట. ముప్పై దాటితే భుజం తట్టేదట. ఆ లెక్క మాకెవరికీ తెలియదు. డాక్టరు ఆ అంకె కాగితం మీద రాసుకున్నాడు.

నాన్నకు రాసిచ్చింది సీప్యాప్ మిషను. దాన్ని కనిపెట్టింది సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివన్. 1980 దాకా తీవ్రమైన అప్నియాకు ఉన్న గట్టి వైద్యం గొంతుకు కింద రంధ్రం చేయడమే. ఆ ఏడాది, ఆ రంధ్రానికి ఒప్పుకోని ఒక రోగికి సలివన్ ముక్కు మాస్కు గుండా వాక్యూమ్ క్లీనరు మోటారుతో గాలి ఒత్తి పంపాడు. ఊపిరి ఆగడం ఆగింది. మరుసటి ఏడాది ఐదుగురి ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. మిషను ఆక్సిజన్ ఇవ్వదు, మామూలు గాలినే మెల్లని ఒత్తిడితో పంపి గొంతు గోడలను దూరంగా పట్టి ఉంచుతుంది. ఎంత ఒత్తిడి? గ్లాసు నీళ్లలో స్ట్రా పది సెంటీమీటర్లు ముంచి బుడగలు ఊదడానికి పట్టేంత. అంత కొంచెం ఒత్తిడితో గుర్రు పోతుంది, పగటి మత్తు పోతుంది, బిపి కొంత దిగుతుంది. గుండెపోట్లను ఆపుతుందా అని 2,700 మందికి పైగా మీద చేసి 2016లో ప్రకటించిన పరీక్షలో తేడా కనిపించలేదు. అందులో వాళ్లు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున మూడు గంటలకు కాస్త ఎక్కువ. ఏ మిషనైనా పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. సరిపడే మాస్కు దొరికే దాకా రెండు మూడు మార్చి చూడటానికి వెనకాడకూడదు.

మాస్కు పడనివాళ్లకు, తేలికపాటి సమస్య ఉన్నవాళ్లకు కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి పట్టే పళ్ల తొడుగు ఉంది. నిద్రా వైద్యం తెలిసిన దంతవైద్యుడు కొలతలు తీసి చేయాలి. ఇక ఆపరేషన్లు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అన్న సామెత ఇక్కడ అక్షరాలా గుర్తుకొస్తుంది. కొండనాలుకనూ మెత్తటి అంగిలినీ కోసి కుట్టే ఆపరేషను 1981 నుంచి వాడుకలో ఉంది. నొప్పి ఎక్కువ, కొందరిలో నీళ్లు ముక్కులోకి ఎగదన్నడం, గొంతు మారడం ఉంటాయి. కొన్నేళ్లకు గుర్రు తిరిగి రావచ్చు. మూసుకుపోయే చోటు నాలుక వెనకైతే కొండనాలుక కోసి లాభం లేదు. ఎక్కడ మూసుకుపోతుందో తేలకుండా కత్తికి ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

పిల్లల గుర్రు

పిల్లల్లో మాత్రం ఆపరేషన్ చాలాసార్లు మొదటి వైద్యం. మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల దాకా టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ గొంతుతో పోలిస్తే బాగా పెద్దవిగా ఉంటాయి. నోరు తెరిచి పడుకోవడం, తల వెనక్కి వాల్చి మెడ సాచడం, రాత్రంతా పక్కంతా దొర్లడం, చెమటలు, పెద్దయ్యాక కూడా పక్క తడపడం గుర్తులు. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే కునుకుతారు. పిల్లలు తిరగబడి అల్లరి చేస్తారు, ఒక్క చోట కూర్చోలేరు, పాఠం తలకెక్కదు. "మొద్దు" అనీ, "కుదురు లేదు" అనీ వాళ్లు బడిలో పడే దెబ్బలకు మూలం గొంతులో ఉండవచ్చు. 1889లోనే విలియం హిల్ అనే లండన్ వైద్యుడు, పిల్లల చదువు వెనకబాటుకు ముక్కు గొంతు అడ్డంకులు ఒక కారణమని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 2013లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసిన పిల్లల నిద్ర, ప్రవర్తన మెరుగయ్యాయి. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు వచ్చిపోయే గుర్రుకు కంగారు వద్దు. వారంలో మూడు రాత్రులకు పైగా, నెలల తరబడి గుర్రు పెట్టే బిడ్డను ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. "నిద్రలో ముద్దుగా గుర్రు పెడతాడు" అని వీడియో తీసి బంధువులకు పంపే తల్లిదండ్రులు ఆ వీడియోనే డాక్టరుకు చూపిస్తే ఎంతో పనికొస్తుంది.

పక్కన వినేవాళ్లు లేనివాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. హాస్టల్లో, పరాయి ఊళ్లో ఒంటి గదిలో ఉండే కుర్రవాళ్లు, పిల్లలు అమెరికాలో ఉండగా ఊళ్లో ఒక్కరే మిగిలిన పెద్దవాళ్లు. వాళ్లకు సెల్‌ఫోనే పక్క మనిషి. ఛార్జింగు నిండుగా పెట్టి, తలగడకు రెండడుగుల దూరంలో, రికార్డరు ఆన్ చేసి పడుకోవాలి. ఫ్యాను హోరు తగ్గేలా వేగం ఒక మెట్టు తగ్గించుకోవాలి. రెండు మూడు రాత్రులు, ఒకటి మాత్రం తెల్లవారుజాము దాకా, ఎందుకంటే కలలు ఎక్కువగా వచ్చే ఆ వేళే కండరాలు పూర్తిగా సడలి ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది. పొద్దున ఆ రికార్డును వింటూ చప్పుడు తెగిన చోట ఆగి, మళ్లీ ఊపిరి వినపడే దాకా అంకెలు లెక్కపెట్టాలి. పది దాటితే ఆ ఫోను పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి.